కళింగపట్నం ఇసుకను బ్రోమోఫాంలో వేసే ముందు

కళింగపట్నం బీచ్ ఇసుకలో బరువైన ఖనిజాల శాతం తేల్చాలి, ఇంట్లో బ్రోమోఫాం అనే బరువైన ద్రవంతో చేయొచ్చా అని అడిగారు. ఇంట్లో వద్దండి. దాని ఆవిరి కాలేయానికి, కిడ్నీలకు చేటు. ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఉన్న ల్యాబ్‌లోనే చేయండి. తియ్యటి వాసన తగిలిందంటే మీరు పీలుస్తున్నట్టే.

సూత్రం మన రైతులకు తెలిసిందే. వరి విత్తనాలు ఉప్పునీళ్లలో పోస్తే తాలు తేలుతుంది, గట్టి గింజ మునుగుతుంది. నీటి సాంద్రత 1 అయితే బ్రోమోఫాంది 2.89. ఇసుకలోని మామూలు తెల్ల గింజ, క్వార్ట్జ్, 2.65 కాబట్టి తేలుతుంది. సిల్లిమనైట్ 3.24, గార్నెట్ 4 దరిదాపు, ఇల్మనైట్, జిర్కాన్, మోనజైట్ ఇంకా బరువు. అవన్నీ అడుక్కి చేరతాయి. గవ్వల పొడితో మాత్రం జాగ్రత్త. అందులోని ఆరగొనైట్ సాంద్రత 2.93, అదీ మునిగి లెక్క చెడగొడుతుంది. ముందే పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కరిగించి, ఇసుకను కడిగి, బాగా ఆరబెట్టండి.

సెపరేటింగ్ ఫన్నెల్, అంటే కింద కుళాయి ఉన్న గాజు గరాటులో, బ్రోమోఫాం మీద ఇసుక పోశాక ఒకటికి నాలుగుసార్లు కలపండి, లేకపోతే తేలిన క్వార్ట్జ్ మధ్య బరువైన నల్ల గింజలు ఇరుక్కుపోతాయి. పావుగంట ఆగి కింది కుళాయి కొంచెమే తిప్పితే నలుపు, గులాబీ కలిసిన సన్నటి ధార ఫిల్టర్ పేపర్ మీదికి జారుతుంది. వెంటనే కట్టేయాలి.

నేను ఎమ్మెస్సీ చేసేటప్పుడు ఒక్కో శాంపిల్‌కీ బరువైన ఖనిజాల శాతం పెరుగుతూ వచ్చింది. మంచి ఇసుక దొరికిందనుకున్నాను. మైక్రోస్కోప్ కింద చూస్తే గులాబీ గార్నెట్‌ల మధ్య తెల్లగా, గాజు పెంకుల్లా క్వార్ట్జ్ గింజలు! గింజలకు అంటిన బ్రోమోఫాం పోవడానికి వాటిని కడిగిన అసిటోన్ అనే తేలికైన ద్రవాన్ని నేను బ్రోమోఫాం సీసాలోనే పోస్తున్నాను. పదో వంతుకు కాస్త మించి కలిస్తే చాలు, సాంద్రత 2.65కి పడిపోయి క్వార్ట్జ్ కూడా మునుగుతుంది. శాంపిల్స్ అన్నీ మళ్లీ మొదటి నుంచి చేశాను.

ఊరెళ్లి చెబితే మా నాన్న ఒకటే అడిగారు, "గుడ్డు వేసి చూడలేదా?" అని. ఆయన విత్తనాలు వేసే ముందు ఉప్పునీళ్లలో కోడిగుడ్డు వేసి, అది తేలేదాకా ఉప్పు కలుపుతారు. అప్పటి నుంచి బియ్యపు గింజంత కాల్సైట్ ముక్క నా గుడ్డు. దాని సాంద్రత 2.71. ప్రతి శాంపిల్‌కీ ముందు వేసి చూస్తాను. అది మునిగితే క్వార్ట్జ్ మునగడానికి ఎంతో దూరం లేదు. కడిగిన ద్రవాన్ని వేరే సీసాలో పట్టి, నీళ్లతో నాలుగైదుసార్లు కుదిపితే అసిటోన్ నీళ్లలోకి పోయి బ్రోమోఫాం అడుగున నిలుస్తుంది. సింక్‌లో మాత్రం పారబోయకండి.

ఫ్యూమ్ హుడ్ లేకపోతే బ్రోమోఫాంకు బదులు సోడియం పాలీటంగ్‌స్టేట్ అడగండి. ఖరీదెక్కువే గానీ నీళ్లలో కరిగేది, ఆవిరి బెడద లేదు. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ తగలనివ్వకండి. బోరు నీళ్లలోని కాల్షియం కలిస్తే తెల్లగా విరిగిపోతుంది.