ఎంజీబీ వేడెక్కుతోందని రాసిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రీడింగ్ నుంచి బ్రిస్టల్ వెళ్తుంటే ఎం4 రహదారి మీద నీ 1965 ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఉష్ణోగ్రత ముల్లు చివరికంటా పోయిందనీ, ఊళ్లో తిరిగేటప్పుడు మాత్రం కుదురుగానే ఉంటోందనీ రాశావు. ఎలక్ట్రిక్ ఫ్యాను, అల్యూమినియం రేడియేటరు తెప్పించుకోమంటారా అని అడిగావు. లెస్టర్‌లో నా షెడ్డులో నలభై ఏళ్లు ఈ కార్లను విప్పి బిగించిన అనుభవంతో చెబుతున్నాను, ఇప్పుడే ఏదీ కొనకు.

ఎప్పుడు వేడెక్కుతోందన్నదే అసలు ఆధారం. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కితే గాలి చాలడం లేదని అర్థం కాబట్టి ఫ్యానునూ బెల్టునూ చూడాలి. అరవై మైళ్ల వేగంతో పోయేటప్పుడు వేడెక్కితే గాలికి కొదవ ఉండదు. ఎదురుగాలి ఏ ఫ్యానూ ఇవ్వలేనంత బలంగా రేడియేటరులోంచి దూసుకుపోతూనే ఉంటుంది. అప్పుడు తక్కువైంది లోపలి నీటి ప్రవాహం. నీది రెండో రకం. పైగా నీ కారులో కరెంటు పుట్టించేది పాతకాలపు డైనమో, అది పూర్తి వేగంలో ఇచ్చేది 22 ఆంపియర్లే. ఇంజిన్ నెమ్మదించినప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. హెడ్‌లైట్లతోపాటు ఎలక్ట్రిక్ ఫ్యానునూ దాని మీదే వేస్తే బ్యాటరీ నీరసిస్తుంది. 1967 చివర వచ్చిన మార్పుకు ముందరి ఎంజీబీలన్నింటిలాగే నీ కారుకూ పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ పాజిటివ్ కొస కారు బాడీకి కలిపి ఉంటుంది కాబట్టి, ఈనాటి ఫ్యానును తీగల మీది రంగులు చూసి కలిపితే అది వెనక్కి తిరుగుతుంది.

ముందుగా ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్లాకు (సిలిండర్లున్న ఇనుప దిమ్మ) వెనుక భాగంలో ఉన్న డ్రెయిన్ ట్యాపు విప్పు. చాలా కార్లలో అక్కడి నుంచి చుక్క కూడా రాదు. 1798 సీసీ పోత ఇనుప బ్లాకులో దశాబ్దాలుగా రాలిన తుప్పూ, తయారీనాటి పోత ఇసుకా నాలుగో సిలిండర్ చుట్టూ గడ్డకట్టి కూర్చుంటాయి. ముందు సిలిండర్లు చల్లగానే ఉన్నా అది మాత్రం ఉడుకుతూ ఉంటుంది. ట్యాపును పూర్తిగా ఊడదీసి, గట్టి తీగతో ఆ రంధ్రంలో ఓపికగా పొడువు. బురద కదిలాక, ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటరుకు నీళ్లు పోకుండా ఆపే థర్మోస్టాట్‌ను తీసేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా బ్లాకును కడుగు. ఒక పూట పట్టినా విసుక్కోకు, ఈ పని సరిగా జరిగితే సగం జబ్బు పోయినట్టే. రేడియేటరును విడిగా దించి తలకిందులుగా పెట్టి, కింది గొట్టం వైపు నుంచి నీళ్లు పంపు. ఎప్పుడూ పారే దిశలోనే పంపితే మురికి ఇంకా బిగుసుకుంటుంది. మళ్లీ బిగించి ఇంజిన్ వేడెక్కాక, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రేడియేటరు ముఖమంతా చూడు. మధ్యలో ఎక్కడైనా చల్లటి పట్టీలు కనిపిస్తే ఆ గొట్టాలు మూసుకుపోయాయన్నమాట. అప్పుడు కూడా అల్యూమినియం జోలికి పోకు. రేడియేటరు పైనా కిందా ఉన్న పాత ఇత్తడి తొట్లను ఉంచుకుని మధ్యలోని గొట్టాల వరుస, అంటే కోర్, మాత్రం కొత్తది వేయించు. నా దృష్టిలో ఈ కారుకు చేయగలిగిన అసలైన మెరుగుదల అదే.

థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్లు పోసి, థర్మామీటరు పెట్టి పరీక్షించు. దాని మీద 82 అని ఉంటే ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. చల్లగా ఉంటుందని దాన్ని తీసేసి నడపవద్దు. తొలిరోజుల్లో నేను ఒక కారుకు అలా చేశాను. చలికాలమంతా ఇంజిన్ వేడెక్కక, పెట్రోలు నూనెలో కలిసి, బేరింగులు అరిగిపోయాయి. ఆ కారు యజమానికి నష్టం చేశానన్న బాధ నాకు ఈనాటికీ ఉంది.

రేడియేటరు మూతను చిన్న వస్తువు అనుకోకు. తొలి ఎంజీబీలకు 7, తరువాతి వాటికి 10 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మూతలు వచ్చాయి. 7 దగ్గర నీరు సుమారు 111 డిగ్రీలకు, 10 దగ్గర సుమారు 115 డిగ్రీలకు మరుగుతుంది. రబ్బరు ఎండిన మూత వంద డిగ్రీలకే మరగనిస్తుంది. అలాగని 15 మూత పెడితే పాత గొట్టాలూ హీటరూ తట్టుకోలేవు, మాన్యువల్‌లో ఉన్నదే పెట్టు. పొంగిన నీటిని పట్టడానికి నీ కారుకు వేరే తొట్టి లేదు కాబట్టి అంచుదాకా నింపితే వేడికి వ్యాకోచించిన నీరు బయటికి పోతుంది. అది జబ్బు కాదు. మెడకు ఒక అంగుళం కింద నిలిపితే చాలు.

నీలి రంగు ఇథిలీన్ గ్లైకాల్ కూలెంటును నీటితో సగం సగం కలిపి పోయాలి. అది తియ్యగా ఉండే విషం, నేల మీద ఒలికితే పిల్లలూ కుక్కలూ నాకకముందే కడిగెయ్యి.

ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్కు పడే సమయం) వెనకబడినా, కార్బొరేటర్లలో గాలితో కలిసే పెట్రోలు పాలు తగ్గినా ఇంజిన్ ఇలాగే వేడెక్కుతుంది, వాటినీ ఒకసారి సరిచూడు. ఇవన్నీ అయ్యాక కూడా చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే రేడియేటరులో ఆగకుండా బుడగలు వస్తుంటే బ్లాకుకూ దాని పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. దారిలో ఎప్పుడు ముల్లు పైకి పోయినా హీటరును పూర్తిగా తెరిచి, పక్కకు ఆపి, అరగంటకు పైగా వేచి ఉండు. ఉడుకుతున్న పోత ఇనుములో చన్నీళ్లు పోస్తే హెడ్ పగలవచ్చు.

శనివారం ట్యాపు విప్పినప్పుడు నీళ్లు వచ్చాయా, వస్తే ఏ రంగులో వచ్చాయో ఫొటో తీసి పంపు. అది చూశాకే కోర్ సంగతి చెబుతాను.

నీ మామయ్య