కొత్తగా కౌన్సిలర్ అయిన మేనకోడలికి

చి.సౌ. అమ్మాయికి అత్తయ్య ఆశీస్సులు.

దండలు, శాలువాల సందడి తగ్గాక ఈ ఉత్తరం తీరిగ్గా చదువు. కౌన్సిలర్ చేతిలో డబ్బుండదు, ఉద్యోగుల మీద నేరుగా అధికారమూ ఉండదు. బిల్లులు, ఉత్తర్వులు కమిషనర్ సంతకంతోనే నడుస్తాయి. నీకున్నదల్లా కౌన్సిల్ హాల్లో ఓటు, అడిగే హక్కు. చాలామంది అది వదిలేసి అయిదేళ్లూ పింఛన్ల కాగితాలు పట్టుకుని తిరుగుతారు. ఆ పనికి వార్డు సచివాలయం ఉంది, జనానికి దారి చూపిస్తే చాలు.

ఎజెండాని అందరూ శుభలేఖలా అందుకుని బ్యాగులో పడేస్తారు. అరవై అంశాలున్నా సరే, ‘ఆమోదం, ఆమోదం’ అని బల్లలు చరిచేసరికి అరగంటలో అయిపోయి టిఫిన్లు వస్తాయి. నువ్వు ముందు రోజు రాత్రే కూర్చుని టెండర్లు, షాపుల అద్దెలు, నీ వార్డు పనులు ఎర్ర పెన్నుతో గీసుకో. అప్పటికప్పుడు ‘టేబుల్ ఎజెండా’ అని ఇంకో కాగితం తెస్తే అంత తొందరేమిటో అడుగు. నచ్చని అంశం మీద అరవక్కర్లేదు. ‘నా అసమ్మతి మినిట్స్‌లో రాయండి’ అను, అందరూ తలెత్తి చూస్తారు. తర్వాత మినిట్స్ కాపీ తీసుకుని చూసుకో. మాట మారిపోవడం మామూలే.

ఇక కాలవలు. మన టౌన్లలో సగం గొడవలు వాటి దగ్గరే పుడతాయి. పూడిక తీస్తారు, పక్కనే కుప్ప పోసి ఆరాక ఎత్తుతామంటారు. ఈలోగా వాన పడితే బురదంతా మళ్లీ కాలవలోకే. ట్రాక్టరు ఏ రోజొస్తుందో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని ముందే అడిగి, ఆ రోజు నువ్వే వెళ్లి నిలబడు. కొత్త కాలవ కడితే సిమెంటు నునుపు చూసి మురిసిపోకు. పై నుంచి నాలుగు బిందెల నీళ్లు పోయించు. మధ్యలో నిలిచిపోయాయంటే లెవెల్ పోయినట్టే. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఎం-బుక్‌లో, అంటే పని కొలతల పుస్తకంలో రాసి బిల్లు పంపకముందే ఈ పని చెయ్యి, తర్వాత కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడు. సిమెంటు రోడ్డు కూడా అంతే. పాతది తవ్వకుండా దాని మీదే పోసుకుంటూ పోతే ఇళ్లు పల్లంలో పడి, వాన నీళ్లు వంటింట్లోకి వస్తాయి. ఎస్టిమేట్‌లో తవ్వకం ఉందో లేదో చూడు.

కాలవ మీద ర్యాంపులు తీయించాలనుకుంటే మొదట మీ బాబాయి ఇంటి ముందున్నదే తీయించు. అలుగుతాడు, ఒక సంక్రాంతికి భోజనానికి రాడు, అంతే. బజార్లో తోపుడుబండ్ల వాళ్ల జోలికి మాత్రం ఊరికే పోకు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా ఆ వ్యాపారులే ఉండాలి. ఆ కమిటీ అసలు కూర్చుంటోందా అని అడిగాకే ఖాళీ చేయించే మాట. పారిశుధ్య కార్మికులకు హాజరు వేసే మస్టర్ దగ్గరికి ఒకరోజు తెల్లవారుజామునే వెళ్లు. గ్లౌజులు ఎంతమంది చేతులకున్నాయో, పీఎఫ్ కడుతున్నారో లేదో అక్కడే తెలుస్తుంది.

ఇంట్లో సంగతి కూడా చెప్పాలి. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి ఆడవాళ్లకు మూడో వంతు సీట్లిచ్చింది. ఆ రిజర్వేషన్‌తోనే నేను గెలిచాను. ఇప్పుడు మన రాష్ట్రంలో సగం సీట్లు ఆడవాళ్లవే. అయినా ‘కౌన్సిలర్ గారి భర్త’ అనే ఉద్యోగం పోలేదు! అల్లుడు మంచివాడే, కాబట్టి మొహమాటం లేకుండా ఇప్పుడే చెప్పెయ్యి: కాంట్రాక్టర్లు ఇంటికొస్తే ఆయన మాట్లాడకూడదు, మున్సిపల్ ఆఫీసులో నీ బదులు కూర్చోకూడదు. సచివాలయం గోడ మీద నీ నంబరే రాయించు. ఫోన్లకి కాస్త టెన్షన్ పడతావు, నెల తిరిగేసరికి అలవాటవుతుంది.

మొదటి ఎజెండా చేతికి రాగానే ఫొటోలు తీసి పంపు. కళ్లజోడు మార్పించుకున్నాను, చిన్న అక్షరాలైనా చదవగలను. టెండర్ల పేజీలు ముందు పంపు.

మీ అత్తయ్య