పాదరసం నదుల కంటే ముందు మట్టి

చిరంజీవికి,

చైనా మొదటి చక్రవర్తి చిన్ షిహ్వాంగ్ సమాధి మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది. కానీ మొదటి పేరాలోనే పాదరసం నదులు, వాటంతటవే బాణాలు వదిలే విల్లులు వచ్చేశాయి. కట్టడం మాత్రం ఎక్కడా కనిపించలేదు. లోపలికి నీళ్లు ఊరకూడదు, పైబరువుకి కప్పు కూలకూడదు, దొంగ చొరబడకూడదు. కట్టినవాళ్లకున్న ఈ మూడు చిక్కులూ పట్టుకుని మళ్లీ రాయి.

నీళ్లతో మొదలుపెట్టు. షియాన్ నగరం దగ్గర లిషాన్ కొండ పాదం దగ్గరుంది సమాధి. కొండ దక్షిణాన, నేల వాలు ఉత్తరానికి. అంటే కొండ మీది నీరంతా భూమిలో ఇంకి, రాజుని పెట్టిన గది వైపే వస్తుంది. దాన్ని ఆపడానికి ఎగువన దాదాపు 39 మీటర్ల లోతు కందకం తవ్వారు. అడుగున 17 మీటర్ల మేర నీరు దిగని జిగట బంకమన్ను కూరి, ఆపైన అక్కడి పసుపు మట్టి పోసి దిమ్మిస కొట్టారు. ఇంత పని నీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు! పైన కనిపించే దిబ్బ కూడా అలా పొర మీద పొర కొట్టిందే, పాదం దగ్గర ఒక్కో వైపు సుమారు 350 మీటర్లు. ఎత్తు రాసేటప్పుడు జాగ్రత్త. నేల వాలుగా ఉంది కాబట్టి ఉత్తరం నుంచి కొలిస్తే ఒక అంకె, దక్షిణం నుంచి కొలిస్తే ఇంకొకటి. అంకె వేస్తే ఎటునుంచి కొలిచిందో కూడా వెయ్యి.

బరువు సంగతికి, రాజుకి కాపలాగా మట్టి సైనికుల బొమ్మలు పాతిపెట్టిన గుంటలే మంచి పాఠం. దిబ్బకి తూర్పున కిలోమీటరున్నర దూరంలో, 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డాయి. ఒకటో గుంట 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు. దాన్ని దిమ్మిస కొట్టిన మట్టి గోడలతో పొడవాటి వరసలుగా విడగొట్టి, నేలకి ఇటుక పరిచి, గోడల మీద అడ్డంగా దూలాలు వేశారు. దూలాల మీద చాపలు, చాపల మీద మట్టి. దూలాలు చెక్క కదా, కాలి, కుళ్లి, మట్టి బరువుతో సహా బొమ్మల మీద పడ్డాయి. ఇప్పుడు నిలబడి కనిపించే సైనికుల్లో ఎక్కువమంది ముక్కలు ఏరి అతికించినవాళ్లే. రంగుల సంగతి మరీ బాధాకరం. కాల్చిన మట్టి మీద లక్క (చెట్టు పాలతో చేసిన మెరుగు పూత) పూసి, ఆపైన రంగులు వేశారు. రెండువేల ఏళ్లు తడినేలలో ఉన్న లక్క పొడిగాలి తగలగానే నిమిషాల్లో ముడుచుకుని, రంగుతో సహా ఊడిపోతుంది. అందుకే తవ్వకం అంత నెమ్మది. కత్తులకి తుప్పు పట్టకుండా క్రోమ్ పూత పూశారన్న వాక్యం కొట్టెయ్. ఆ క్రోమియం పక్కనున్న లక్క నుంచి అంటిందని 2019లో పరీక్షలు తేల్చాయి.

ఇక పాదరసం. నదులుగా పారించారని రాసింది చరిత్రకారుడు సిమా చియాన్, రాజు పోయిన వందేళ్లకి. 1980ల మొదట్లో దిబ్బ మట్టి పరీక్షిస్తే, మధ్యలో సుమారు 12,000 చదరపు మీటర్ల మేర పాదరసం మామూలు కంటే చాలా ఎక్కువ తేలింది. ఈ రెండూ రాయి, వేరువేరుగా రాయి. గది తెరవలేదు కాబట్టి నదులున్నాయని నీ మాటగా చెప్పకు. విల్లులూ అంతే, చరిత్రకారుడి నోటనే చెప్పించు.

రాతకీ తవ్వకానికీ పొత్తు కుదిరిన చోటు కావాలంటే దొంగల విషయంలో దొరుకుతుంది. టాంగ్ వంశపు చక్రవర్తి గావ్‌జోంగ్‌ని లియాంగ్‌షాన్ కొండ కడుపులో, చియెన్‌లింగ్ అనే సమాధిలో పెట్టారు. 705లో ఆయన భార్య వూ జెతియాన్ చనిపోయాక ఆమె కోసం దాన్ని మళ్లీ తెరవాలంటే, యెన్ షాన్‌స్ అనే అధికారి వద్దన్నాడు: ద్వారం రాళ్లతో మూశారు, సందుల్లో ఇనుము పోశారు, పగలగొడితే గానీ తెరుచుకోదని. సుమారు 1250 ఏళ్ల తర్వాత చూస్తే, 63 మీటర్ల దారిలో రాతిపలకలు 39 వరసలుగా పేర్చి, ఇనుప పట్టీలతో బిగించి, కరిగించిన ఇనుము పోసి ఉన్నాయి. ఇలాంటివి దొరికినప్పుడు పొదుపు చేయకు, పేరా అంతా వాడుకో.

మింగ్ వంశం కాలానికొస్తే డింగ్లింగ్ అనే సమాధి ఒక్కటి చాలు. చక్రవర్తి వాన్లీ బతికుండగానే 1584లో మొదలుపెట్టి ఆరేళ్లలో కట్టించుకున్నాడు. అయిదు రాతి గదులు, అన్నీ కమాను కప్పులే. చెక్క దూలం లేదు, కూలలేదు. పాలరాతి తలుపు ఇరుసు వైపు మందం, అంచు వైపు పలచన, అందుకే అంత బరువైనా తిరిగింది. లోపల నేలమీద గాడిలో ఒక రాతి కడ్డీ వాల్చి ఉంచి, తలుపులు బయటినుంచి మూస్తే అది జారి వాటికి ఆనుకునేది. 1957లో సందులోంచి వంచిన ఇనుప తీగ దూర్చి దాన్ని పైకెత్తి తెరిచారు. అంతకుముందు దారి చూపింది కట్టినవాళ్లు వదిలిన చిన్న రాతిపలకే: గోడ ఇక్కడికి పదహారు జాంగ్‌ల దూరం, మూడున్నర జాంగ్‌ల లోతు అని చెక్కి ఉంది (జాంగ్ అంటే చైనా కొలత, మూడు మీటర్లకి పైనే). విల్లు ఒక్కటీ ఎదురుకాలేదు. బయటికి తీసిన పట్టు బట్టలు గట్టిపడి, నల్లబడి పాడైపోయాయి. చక్రవర్తుల సమాధులు కావాలని తెరవడం చైనా ఆ తర్వాత మానేసింది. చిన్ షిహ్వాంగ్ గది ఎందుకు తెరవలేదన్న నీ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది, దిబ్బ దగ్గర వెతకకు.

తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి