ప్రాక్స్‌మాక్స్: బూట్‌కి ఏ డిస్క్, క్యాష్‌కి ఏ డిస్క్?

ప్రాక్స్‌మాక్స్ (ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడిపే సిస్టమ్) వేయడానికి రెండు 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీలు, ఒక 1 టీబీ ఎన్‌వీఎంఈ (ఇంకా వేగమైన ఎస్‌ఎస్‌డీ), నాలుగు హార్డ్ డిస్కులు, 64 జీబీ ర్యామ్ ఉన్నాయి, ఎన్‌వీఎంఈ మీదే బూట్ పెట్టి మిగిలిన జాగా క్యాష్‌కి ఇవ్వొచ్చా అని అడిగారు కదా. వద్దండి. ఆ ఒక్క డిస్క్ పోతే సర్వరే లేవదు.

బూట్‌కి ఆ రెండు సాటా డిస్కులు బోలెడు. ఇన్‌స్టాలర్‌లో డిస్క్ ఎంచుకునే చోట ఆప్షన్స్ నొక్కి జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కులను కలిపి నడిపే ఫైల్ సిస్టమ్) రెయిడ్ 1 పెట్టండి, అంటే రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉంటుంది. అక్కడే ఒక తిరకాసు ఉంది: కనబడిన డిస్కులన్నీ ముందే సెలెక్ట్ అయి ఉంటాయి. మిగతావాటికి 'డు నాట్ యూజ్' పెట్టకపోతే వాటిలోని డేటా కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక క్యాష్. జెడ్‌ఎఫ్‌ఎస్‌కి అసలు క్యాష్ ర్యామే. ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి కొత్త ఇన్‌స్టాల్స్‌లో ఆర్క్‌ని (ఆ ర్యామ్ క్యాష్‌ని) ర్యామ్‌లో 10 శాతానికే పరిమితం చేస్తున్నారు, అంటే మీకు 6 జీబీ చిల్లర. ముందు దాన్ని 16 జీబీకి పెంచి, హిట్ రేట్ (అడిగిన డేటా క్యాష్‌లోనే దొరికే శాతం) చూడండి. అప్పటికీ తక్కువుంటేనే ఎల్2ఆర్క్ (ఎస్‌ఎస్‌డీ మీద పెట్టే రెండో క్యాష్) గురించి ఆలోచించండి. దాని ఇండెక్స్ కూడా ర్యామ్‌నే తింటుంది. నన్నడిగితే, బరువైన వీఎంలను (వర్చువల్ మెషీన్లను) నేరుగా ఎన్‌వీఎంఈ మీదే నడిపి, రోజూ హార్డ్ డిస్కుల మీదకి బ్యాకప్ తీస్తాను.

క్యాష్ పెట్టి తీరాలనుకుంటే, ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు రీబూట్‌కి మారిపోవచ్చు కాబట్టి సీరియల్ నంబర్ ఉండే బై-ఐడీ పేరే వాడండి. పూల్‌కి (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల గుంపుకి) డిస్క్ చేర్చే జెడ్‌పూల్ యాడ్ కమాండ్‌లో 'క్యాష్' అనే మాట మర్చిపోవద్దు. అది లేకుండా, హెచ్చరిక వచ్చినా మైనస్ ఎఫ్‌తో బలవంతం చేశారంటే ఆ డిస్క్ డేటా డిస్క్‌గా చేరిపోతుంది. రెయిడ్‌జెడ్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో రెయిడ్ 5 లాంటిది) పూల్ అయితే మళ్ళీ బయటికి రాదు.