మట్టి కరిచినవాడు చిత్తు కాలేడు

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవికి,

నీ కథ అందింది. మొదటిసారి నాలుగో పుటలోనే ఆపేశాను, ఒళ్లు మండి. "నాన్న ఆ ఎన్నికల్లో మట్టి కరిచి, చిత్తుచిత్తుగా ఘోర పరాజయం పాలయ్యారు" అని రాశావు. ఒక్క మనిషికి ఒక్క వాక్యంలో మూడు ఓటములు! పైగా మట్టి కరిచినవాడు బోర్లా పడతాడు. చిత్తయినవాడు వెల్లకిలా పడతాడు. ఆ పెద్దమనిషి ఒకేసారి రెండు విధాలా ఎలా పడ్డాడో నాకు బోధపడలేదు. సాయంత్రం కాఫీ తాగి మళ్లీ మొదలుపెట్టాను కాబట్టి చివరిదాకా వెళ్లగలిగాను. వెళ్లడం మంచిదయింది. ఆ సంగతి తరువాత.

కుస్తీలో రెండు భుజాలూ నేలకు ఆనితేనే చిత్తు. ఒక భుజం ఇంకా లేచి ఉంటే పట్టు నడుస్తున్నట్టే లెక్క. హిందీవాళ్లు వెల్లకిలా పడి ఉండటాన్ని చిత్ అంటారు. మనం తప్పతాగి అరుగు మీద పడిపోయినవాణ్ణి చిత్తుగా పడి ఉన్నాడంటాం, వాణ్ణి ఎవరూ ఓడించకపోయినా. నా చిన్నప్పుడు నాణెం ఎగరేసి "చిత్తా, బొత్తా" అని అడిగేవాళ్లం. అంటే ఈ మాటకు ఒక ఆకారం ఉంది, ఒక కొలత ఉంది. పత్రికల శీర్షికలు దాన్ని రోజూ తోమి తోమి, "బాగా ఓడిపోయారు" అన్నంత చప్పగా చేసి పెట్టాయి. నువ్వు ఆ అరిగిన మాటే తెచ్చుకుని, చాలదని తెలిసి, దాన్ని రెండుసార్లు వేశావు.

క్రికెట్ చూస్తావు కదా. 2024 అక్టోబరులో మన చిన్నస్వామి మైదానంలోనే న్యూజిలాండ్ మీద భారత జట్టు 46 పరుగులకు కుప్పకూలింది. అయిదుగురు సున్నాకే తిరిగి వచ్చారు. అది చిత్తే, అందులో పేచీ లేదు. కాని అదే జట్టు రెండో ఇన్నింగ్స్‌లో 462 చేసింది. సర్ఫరాజ్ ఖాన్ 150, పంత్ 99. చివరికి న్యూజిలాండ్‌వాళ్లు 107 కొట్టాల్సి వచ్చి ఎనిమిది వికెట్ల తేడాతో గెలిచారు, 1988 తరువాత ఈ దేశంలో వాళ్లకు అదే మొదటి టెస్టు గెలుపు. ఆ మ్యాచ్ మొత్తానికి ఏ మాట వేస్తావు? నన్నడిగితే ఒక భుజం లేచే ఉంది.

నీ కథలోని అపార్టుమెంటు సంఘం ఎన్నికకు కూడా కొలత దొరుకుతుంది, నువ్వే వెతకలేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం, చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే ఓడిన అభ్యర్థికి ధరావతు, అంటే డిపాజిట్, దక్కదు. ఆ అపార్టుమెంటులో 212 ఓట్లు పోలైతే నాన్నకు వచ్చినవి 31. లెక్క వేశాను, 36 ఉండాలి. అపార్టుమెంటు సంఘానికి ధరావతు ఎక్కడిది అనకు. మర్నాడు లిఫ్టులో పై అంతస్తాయన పాల ప్యాకెట్లు పట్టుకుని నిలబడి, "అయిదు ఓట్ల తేడాలో ధరావతు పోయిందండీ" అని నవ్వితే చాలు. నీ "ఘోర"ను పాత సామాను కొనేవాడికి అమ్మేయవచ్చు. పరాజయం లెక్కల్లో తేలుతుంది. పరాభవం మాత్రం నలుగురిలో, ఇలా లిఫ్టులో జరుగుతుంది. (నేను పుట్టింది 1966లో, పరాభవ నామ సంవత్సరం. బడిలో తెలుగు మాస్టారు హాజరు పిలిచినప్పుడల్లా దాన్ని గుర్తుచేసి నవ్వేవారు. కాబట్టి ఆ మాట నాకు బాగా తెలుసు.)

ఈ చిత్తుతో నాకు పాత పగ ఒకటి ఉంది. ఈ ఊరికి వచ్చిన కొత్తలో అవెన్యూ రోడ్డు పక్క సందులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఆదివారాలు ఏమీ తోచక కబ్బన్‌పేటలో ఒక గరడీమనెకు, అంటే కుస్తీ నేర్పే చోటికి, వెళ్లి కూర్చునేవాణ్ణి. నూనె, పసుపు కలిపిన ఎర్రమన్ను గోదా. ఒకరోజు ఇరవై ఏళ్ల కుర్రవాడు తనకంటే పొట్టివాడి చేతిలో రెండు నిమిషాల్లో పడిపోయాడు. లేచి ఎవరివైపూ చూడకుండా కుళాయి దగ్గరకు వెళ్లాడు. మొహం కడుక్కున్నాడు, మోచేతులు కడుక్కున్నాడు, మోకాళ్లు రుద్దుకున్నాడు. వీపు అందలేదు. కడిగిపెట్టమని ఎవరినీ అడగలేదు. అలాగే చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు. తెల్లచొక్కా మీద రెండు భుజాల దగ్గరా ఎర్రగా రెండు మరకలు తేలాయి, వాడికి కనిపించవు, వీధంతా చూస్తుంది.

దాన్నే కథగా రాసి, ఏడుసార్లు తిరగరాసి ఒక వారపత్రికకు పంపాను. అచ్చులో చూస్తే కుళాయి లేదు, చొక్కా లేదు. ఆ పేరా ఉండాల్సిన చోట "అతడు చిత్తుగా ఓడిపోయాడు" అని మూడు మాటలు. సంపాదకుడికి ఉత్తరం రాస్తే స్థలాభావం అని కార్డు ముక్క వచ్చింది. అదే పుటలో కింద సగం తలనూనె ప్రకటన. ముప్పై ఏళ్లు దాటినా ఆ నూనె నేను కొనను. ఇప్పుడు పోటీలు పెట్టేవాళ్లు "బలమైన భాష" కావాలంటున్నారు. గట్టిగా అరవడమే బలం అని వాళ్ల ఉద్దేశం కాబోలు.

చిత్తుకు మన వృత్తిలో ఇంకో కాపురం కూడా ఉంది కదా: చిత్తు ప్రతి, చిత్తు కాగితం. మా పక్కింటి కన్నడ టీచరు కొట్టివేతను చిత్తు అంటుంది. చిత్తులు లేకుండా రాయండని పిల్లలను కసురుతూ ఉంటుంది. నేను ఆవిడ బడిలో ఒక్క రోజు కూడా నెగ్గలేను. కొట్టివేతలు లేని ప్రతిని చూస్తే నాకు అనుమానం. నువ్వు కంప్యూటర్‌లో రాస్తావు, చెరిపింది మాయమైపోతుంది. చేత్తో రాసి ఉంటే "మట్టి కరిచి" తరువాత "చిత్తుచిత్తుగా" దగ్గరైనా నీ వేళ్లు నొప్పి పుట్టి ఆగేవి.

ఇక చివరి పుట. ఓడిన రాత్రి ఆయన మిగిలిపోయిన కరపత్రాల కట్ట విప్పి, వెనుకవైపు ఖాళీగా ఉండటం చూసి, వాటిని మధ్యకు మడిచి, దారంతో కుట్టి, మనవరాలికి లెక్కలు చేసుకోవడానికి చిత్తు పుస్తకం చేసి ఇస్తాడు. ఆ పిల్ల కూడికలు వేస్తుంటే పలచటి కాగితంలోంచి తాతయ్య ఫోటోలోని నవ్వు లీలగా కనబడుతుంది. ఇది రాసినవాడే నాలుగో పుట రాశాడంటే నమ్మబుద్ధి కాలేదు. అక్కడ చిత్తు అనే మాటను ఎంత మామూలుగా వాడావో గమనించావా? గమనించి ఉండవు. గమనించి ఉంటే పాడుచేసేవాడివి.

ఏ పత్రికకు పంపాలి, పేరు మార్చుకుని రాయవచ్చా, ముందుమాట ఎవరిచేత రాయించుకోవాలి అని ఏవేవో అడిగావు. ముందుమాటకు పుస్తకం ఉండాలి నాయనా. మిగతావాటికి ఇవాళ ఓపిక లేదు.

కథ తిరిగి పంపమన్నావు. పంపలేను. నువ్వు ఒకవైపే అచ్చు తీశావు, వెనుకవైపు ఖాళీగా ఉంది కదా అని ఈ ఉత్తరం చిత్తు దాని మీదే రాసుకున్నాను. నాలుగో పుట వెనుక అంతా కొట్టివేతలే. నీ దగ్గర ఇంకో ప్రతి ఉండే ఉంటుంది.