మాది పలాస. విలువ చూసి షేర్లు కొనడానికీ, ధర చూసి ట్రేడింగ్ చేయడానికీ తేడా ఏమిటి?

మీది పలాస అన్నారు కాబట్టి జీడి లెక్కలోనే చెబుతాను. తోట కొనేవారు చెట్ల వయసు, ఏటా దిగే పిక్కలు, ఖర్చులు చూస్తారు. పిక్కల బస్తాలు కొని వారంలో అమ్మేవారికి తోటతో పనిలేదు, ధర పెరిగితే చాలు.

విలువ చూసేవారు కంపెనీ లాభాలు, అప్పులు, చేతికొచ్చే నగదు లెక్కగట్టి, వంద రూపాయలు చేస్తుందనుకున్న షేరును డెబ్బైకి దొరికితేనే కొంటారు. ఆ ముప్పై రూపాయలు తమ అంచనా తప్పితే కాపాడే రక్షణ. అయితే చవకగా ఉన్నదల్లా మంచిది కాదు. వ్యాపారం కుంగిపోతున్న కంపెనీ షేరు కూడా చవకగానే కనిపిస్తుంది.

ట్రేడర్ చూసేది ధరల చార్టు, లావాదేవీల పరిమాణం, స్టాప్‌లాస్ (ధర ఇంతకు పడితే అమ్మేయాలని ముందే పెట్టుకునే హద్దు). ఇదీ ఒక విద్యే, కాదనను. కానీ ప్రతి లావాదేవీకీ బ్రోకరేజీ, పన్నులు కోసుకుపోతాయి. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో (షేర్లు, సూచీల ముందు ముందు ధరలపై కుదుర్చుకునే ఒప్పందాల్లో) దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. ఉద్యోగం చేసుకుంటూ ఫోనులో ఆప్షన్లు ఆడటం నా దృష్టిలో జూదమే.

పన్ను కూడా వేరు: స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన షేరును ఏడాది దాటి ఉంచితే, రూ.1.25 లక్షలు మించిన లాభంపై 12.5 శాతం, ఏడాదిలోపు అమ్మితే 20 శాతం. ఇంట్రాడే (అదే రోజు కొని అమ్మే) లాభాన్ని స్పెక్యులేషన్ వ్యాపార ఆదాయంగా లెక్కిస్తారు.

ఏ దారైనా కొనేముందే తేల్చుకోండి. ట్రేడింగ్‌కని కొన్న షేరు పడిపోయాక ‘దీర్ఘకాల పెట్టుబడి’ అని పేరు మార్చేవారే ఎక్కువగా మునుగుతారు.