పిల్లల ఎత్తు కొలవకుండా సింగపూర్ టికెట్లు కొనకండి

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు ఈమధ్యే నాలుగు నిండాయి. సంక్రాంతి సెలవులకు మా తోటికోడలు వాళ్లు సింగపూర్ పోయి వచ్చారు, యూనివర్సల్ స్టూడియోస్ చూసి, మూడు రాత్రులు క్రూజ్ కూడా ఎక్కారు. ఆమె స్టేటస్‌లు చూసినప్పటి నుంచి మా బాబుది ఒకటే పాట. ట్రావెల్స్‌లో అడిగితే నలుగురికీ ఐదున్నర లక్షలు అన్నారు. చిట్టీ మూడు లక్షలు వస్తుంది, మిగతాది పర్సనల్ లోన్ తీసుకుందాం, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే కదా తిప్పాలి అంటున్నారు మా ఆయన. నాకు మనసొప్పట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లె, ముందు ఇంట్లో టేపు ఉంటుంది కదా, బట్టలు కుట్టేదానివి, పిల్లలిద్దరినీ గోడకు నిలబెట్టి ఎత్తు కొలువు. డబ్బు సంగతి తర్వాత.

ఎందుకంటే యూనివర్సల్ స్టూడియోస్‌లో నాలుగేళ్లు నిండిన పిల్లలకు టికెట్ పడుతుంది, అదీ పెద్దవాళ్ల టికెట్ కంటే మరీ తక్కువేం ఉండదు. కానీ రైడ్ దగ్గర వయసు అడగరు, ఎత్తు చూస్తారు. ట్రాన్స్‌ఫార్మర్స్ అనే రైడ్‌కు పెద్దవాళ్లు తోడున్నా 102 సెంటీమీటర్లు ఉండాలి, బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా అనే రోలర్ కోస్టర్‌కు 125. నాలుగేళ్ల పిల్లలు చాలామంది వంద సెంటీమీటర్ల చుట్టుపక్కలే ఉంటారు. అంటే మీ పాపకు టికెట్ కొనే వయసు వచ్చింది, ఎక్కే ఎత్తు ఇంకా వచ్చి ఉండకపోవచ్చు. ఆమెను ఎత్తుకుని ఎవరో ఒకరు బయట నిలబడాలి, అది ఎవరో నేను చెప్పక్కర్లేదు. చైల్డ్ స్వాప్ అని ఒక పద్ధతి ఉంది, ఒకరు ఎక్కి దిగాక రెండోవాళ్లు మళ్లీ క్యూ కట్టకుండా ఎక్కొచ్చు, అది అక్కడి సిబ్బందిని అడగాలి. అయినా రోజంతా అలా మార్చుకుంటూ తిరగడం పండగలాగైతే ఉండదు.

నా సంగతే చెప్తా. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు విదేశంలో ఒక పార్కుకు తీసుకుపోయాం. కొలత కర్ర దగ్గర రెండు వేళ్లు తక్కువొస్తుందని ముందే తెలుసు కాబట్టి పొద్దున్నే జుట్టంతా నడినెత్తికి తెచ్చి ఇంత కొప్పు వేశాను. గంటన్నర క్యూలో నిలబడ్డాక అక్కడి పిల్ల నవ్వుతూ వచ్చి ఆ కొప్పును అరచేత్తో అదిమి కొలిచింది. అంతే, వెనక్కి. మా అమ్మాయి ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తే, దానికీ గుర్తే, ఆ పార్కులో ఇంకేం చూశావే అంటే మాత్రం చెప్పలేదు.

లోన్ గురించి ఒక్క మాటే, వద్దు. తిరిగొచ్చిన పది రోజులకు ఫోటోలు పాతబడతాయి, ఈఎంఐ మూడేళ్లు వస్తుంది. ఇక ఐదున్నర లక్షల్లో ఏమేం ఉన్నాయో ఒక కాగితం మీద రాసివ్వమని అడుగు. వీసా ఉందా, ఓడలో టిప్పుల పేరుతో మనిషికి రోజుకింత అని తీసుకునేది ఉందా, ఓడ ఆగిన ఊళ్లో తిప్పే బస్సు ఖర్చు ఉందా? చాలాసార్లు ఉండవు. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ అని పన్ను కూడా ముందే పట్టుకుంటారు. అది ఇన్‌కం టాక్స్ రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది కానీ, అప్పటిదాకా ఆ డబ్బు మన చేతిలో ఉండదు.

క్రూజ్ మీద నాకంత కోపం లేదు. సామాను ఒకసారి గదిలో పెడితే మళ్లీ సర్దే పని లేదు, మూడు పూటలా బఫే ఉంటుంది, వంట గోల లేని మూడు రోజులంటే ఏ తల్లికి చేదు! కాకపోతే తక్కువ రేటు గదికి కిటికీ ఉండదు, సముద్రం చూద్దామని పోయి గోడ చూస్తూ పడుకోవాలి, మూడో మనిషికీ నాలుగో మనిషికీ గోడలోంచి దింపే బెర్తులు, అచ్చం మన కాజీపేటలో ఎక్కే స్లీపర్ లాగే. పిల్లలను చూసుకునే కిడ్స్ క్లబ్‌లో మూడేళ్లు దాటి, డైపర్ మానేసినవాళ్లనే సాధారణంగా తీసుకుంటారు, మీ పాపకు ఆ ఇబ్బంది లేదు. అసలు చిక్కు కార్డుతో. ఓడలో నోట్లు నడవవు, ఏం కొన్నా గది కార్డు చూపిస్తే చాలు, తొమ్మిదేళ్లోడి చేతికి ఆ కార్డు ఇచ్చి వీడియో గేముల దగ్గర వదిలితే చివరి రోజు బిల్లు చూసి మీ ఆయనకే కళ్లు తిరుగుతాయి. వైఫైకి కూడా విడిగా కట్టాలి.

నేనైతే ఇలా చేస్తాను. చిట్టీ డబ్బులు ఎత్తి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, పాపకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఆగుతాను. అప్పటికి బాబుకు పదమూడు, ఇద్దరూ దాదాపు అన్నీ ఎక్కగలరు. ఈ ఎండాకాలం రావిర్యాల వండర్‌లాకు తీసుకుపో, అక్కడా టికెట్టు, రైడ్లు ఎత్తును బట్టే. ఒక రోజంతా ఎండలో క్యూలు కట్టి మీ బాబు సాయంత్రానికి ఇంకా కావాలంటాడా, ఇంటికి పోదామంటాడా, దాన్నిబట్టి సింగపూర్ సంగతి తేలుతుంది. పడవ మోజు కూడా ఉంటే లక్నవరం చెరువుకు పోండి, తీగల వంతెన దాటి బోటు ఎక్కండి, పొద్దున్నే బయల్దేరితే దారిలో రామప్ప కూడా అవుతుంది. మన రామప్ప గుడి కట్టింది 1213లో, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు, హన్మకొండ పిల్లల్లో దాన్ని చూడనివాళ్లు ఇంకా ఉన్నారు! బోటు ఎక్కితే మాత్రం లైఫ్ జాకెట్ బకిళ్లు నువ్వే పెట్టు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి మనవాళ్లు పోయినప్పుడు మన కడిపికొండ ఊరంతా ఎంత ఏడ్చిందో నీకూ తెలుసు.

నాలుగేళ్ల తర్వాత పోయినప్పుడు మే మొదటి సగంలోనే పోండి. నెలాఖరు నుంచి అక్కడి బడులకూ సెలవులు, క్యూలు పెరుగుతాయి. దసరాకు వద్దా అంటావేమో, బతుకమ్మ వదిలి రమ్మంటే మీ అత్తమ్మ ఊరుకుంటుందా?

ఇంకో మాట, మీ బాబును కూర్చోబెట్టి అక్కడ నీకు ఏం కావాలిరా అని అడుగు. రైడ్లా, విమానమా, వాళ్ల పెదనాన్న కొడుకు బడిలో చెప్పుకున్న గొప్పలా? విమానమే అయితే హైదరాబాద్ నుంచి వైజాగ్‌కు ఎక్కించినా సంతోషమే.

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మా చెల్లెలు వాళ్లు పిల్లలతో ముంబై నుంచి గోవా క్రూజ్‌కు పోతూ అమ్మను కూడా రమ్మంటున్నారు. నీళ్ల మీద పోతే నొప్పులు ఎక్కువైతయా అని ఆమెకు టెన్షన్. పంపాలా? (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పంపండి. థీమ్ పార్క్ అయితే వద్దనేదాన్ని, కానీ ఓడలో లిఫ్టులుంటాయి, నడక తక్కువ, మనవళ్లు ఈత కొడుతుంటే పక్కన కూర్చుని చూడొచ్చు. మన దేశంలోనే తిరిగే ఓడ కాబట్టి వీసా గొడవ లేదు. గది ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో అడగండి, అక్కడ ఊపు తక్కువ. వాంతుల మాత్రలు, రోజూ వేసుకునే మందులు డాక్టర్‌ను అడిగి వెంట పెట్టండి, ఓడలో డాక్టర్ ఉంటారు కానీ ఫీజు ఎక్కువ. తొక్కు సీసా మాత్రం ఇంట్లోనే పెట్టి రమ్మనండి, బయటి తిండిని ఎక్కేటప్పుడే తీసి పక్కన పెడతారు.